చైనా మందుల కొట్లో ఫార్మసిస్టు తూకం వేసే మనిషేనా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరు బి.ఫార్మ్ చివరి ఏడాదిలో ఉన్నారు. కౌలాలంపూర్‌లో ఉండే మీ బాబాయిగారికి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఈ మధ్య మోకాళ్ల నొప్పులకి చైనా మూలికల పొట్లాలు తెచ్చుకుని కాచి తాగుతున్నారు. ఆ కొట్లో ఫార్మసిస్టు అంటే సొరుగులు లాగి తూకం వేసే మనిషేనా, వాళ్లకి మన ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) లాంటి మందుల ప్రమాణాల పుస్తకం ఉందా, డాక్టరు రాసింది తప్పనిపిస్తే ఇవ్వనని చెప్పే హక్కు ఉందా అని మీ సందేహం.

ముందు బాబాయిగారికి ఫోన్ చేయండి. పొట్లాలు మొదలుపెట్టాక ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష, చేయించుకోకపోతే రేపే చేయించుకోమనండి. గుండె డాక్టరుకి ఈ మందు సంగతి దాచకుండా చెప్పమనండి. ఎందుకో చివర్లో చెబుతాను. మిగతాది తీరిగ్గా చదవొచ్చు.

నేను ఫార్మకాగ్నసీలో, అంటే మూలికా మందుల శాస్త్రంలో, ఎం.ఫార్మ్ చేశాక చైనాలోని చెంగ్డూలో మూడేళ్లు చదివాను. అందులో ఎనిమిది నెలలు అక్కడి ఒక ఆసుపత్రి మూలికల ఫార్మసీలో ట్రైనీగా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మూలికల ముడిసరుకు పరీక్షించే ల్యాబులో ఉన్నాను. కాబట్టి ఇక్కడ రాసేది కొంత పుస్తకంలోది, కొంత కౌంటరు వెనక తిట్లు తిని నేర్చుకున్నది.

పుస్తకం ఉంది, చాలా పెద్దదే. చైనా ఫార్మకోపియా మొదటి కూర్పు 1953లో వచ్చింది. 1963 కూర్పు నుంచి సంప్రదాయ మందులకి విడిగా ఒక సంపుటం ఇస్తున్నారు. 2020 కూర్పులో నాలుగు సంపుటాలుంటే మొదటిది పూర్తిగా వీటికే, అందులో 2,711 అంశాలున్నాయి. 2025 కూర్పు అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కో మూలిక కింద ఏ మొక్క, ఏ భాగం, ఎప్పుడు తవ్వాలి, మైక్రోస్కోపులో ఎలా ఉంటుంది, టీఎల్‌సీ ప్లేటు (మూలిక సారాన్ని చుక్కలుగా విడదీసి చూపే పలక) మీద ఏ చుక్కలు రావాలి, ఎలా శుద్ధి చేయాలి, ఎన్ని గ్రాములు వాడాలి అన్నీ ఉంటాయి. ఫార్మకాగ్నసీ ల్యాబులో మనం చేసిన పనే, కాకపోతే అక్కడ అది పరీక్ష మార్కుల కోసం కాదు.

కల్తీ, కాలుష్యం లెక్కలు కూడా గట్టిగానే రాశారు. మన దగ్గర శొంఠి తెల్లగా కనబడటానికి సున్నం పట్టించినట్టు, అక్కడ కొన్ని దుంపలకి గంధకం పొగ పెట్టే అలవాటు పాతది. పురుగు పట్టదు, రంగు బాగుంటుంది, కొనేవాడి కంటికి ఇంపుగా ఉంటుంది. అందుకే సల్ఫర్ డయాక్సైడ్ మామూలుగా కిలోకి 150 మిల్లీగ్రాములు దాటకూడదని, పొగ లేకుండా ఎండబెట్టడం కష్టమైన కొన్ని దుంపలకి మాత్రం 400 దాకా ఒప్పుకుంటామని హద్దు పెట్టారు. బూజు విషాలకీ, పురుగుమందులకీ, సీసం, కాడ్మియం లాంటివాటికీ ఇలాంటి హద్దులే ఉన్నాయి.

ఇంత రాసిన పుస్తకం కూడా ఒక చోట ఘోరంగా దెబ్బతింది. ఆ కథ తెలిస్తే ఫార్మసిస్టు పనేమిటో సగం అర్థమవుతుంది.

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి తన మాత్రల్లో రెండు చైనా మూలికలు కలపడం మొదలుపెట్టింది. అందులో ఒకటి ఫాంగ్‌జి. కొంతకాలానికి ఆ మాత్రలు వాడిన ఆడవాళ్లకి, అదీ వయసులో ఉన్నవాళ్లకి, కిడ్నీలు వరసగా దెబ్బతినసాగాయి. 1993లో వైద్యులు ఈ సంగతి బయటపెట్టారు. చివరికి వందమందికి పైగానే తేలారు. జరిగింది ఇదీ: ఫాంగ్‌జి అనే పేరుతో చైనాలో రెండు వేర్వేరు దుంపలు చలామణీలో ఉండేవి. హాన్ ఫాంగ్‌జి అంటే స్టెఫానియా. గువాంగ్ ఫాంగ్‌జి అంటే అరిస్టోలోకియా. మొదటిది రావాల్సిన చోట రెండోది వచ్చింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని నాశనం చేయడమే కాదు, మూత్రనాళాల్లో క్యాన్సరు తెస్తుంది. 2000లో అచ్చయిన అధ్యయనంలో, ముందు జాగ్రత్తగా కిడ్నీలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే ఆ క్యాన్సరు ఉన్నట్టు తేలింది.

ఇది యూరోపువాళ్లు తెలియక చేసిన పొరపాటు అని కొట్టిపారేసేవాళ్లు చైనాలో కూడా ఉండేవారు. కానీ అప్పట్లో అక్కడా ఇదే జరుగుతుండేది. ముతోంగ్ అనే పాత మందు అసలు అకేబియా అనే తీగ. అది దొరకడం తగ్గేసరికి ఈశాన్యంలో విరివిగా దొరికే గువాన్ ముతోంగ్ దాని స్థానంలోకి వచ్చి కూర్చుంది. అదీ అరిస్టోలోకియానే. దొంగతనంగా వచ్చింది కాదు. 2000 నాటి ఫార్మకోపియాలోనే దానికి చోటుంది. దాన్ని వేసి చేసిన లోంగ్‌దాన్ గుళికలు మామూలు జనం ఒళ్లు వేడి చేసిందని కొనుక్కుని మింగేవారు. 2003లో గువాన్ ముతోంగ్‌ని రద్దు చేశారు, 2004లో గువాంగ్ ఫాంగ్‌జిని తీసేశారు. 2005 కూర్పులో పాత అకేబియా ముతోంగ్‌కి మళ్లీ చోటు దొరికింది.

మనవాళ్లకి ఒక పక్క మాట. ఈశ్వరి వేరు అని పాముకాటుకి, కడుపునొప్పికి మన పల్లెల్లో ఇచ్చేది అరిస్టోలోకియా ఇండికా. అదే కుటుంబం, అదే ఆమ్లం. బేగంబజార్ పన్సారీ కొట్లో ఈశ్వరి వేరు అడిగితే ఏ ప్రశ్నా వేయకుండా కట్టి ఇస్తారు. చైనాని చూసి మనం నవ్వే పరిస్థితి లేదు.

పేరు దాటితే తర్వాతి గండం శుద్ధి. చైనీస్‌లో పావ్‌జి అంటారు. ఆయుర్వేదం చదివినవాళ్లకి ఇది కొత్తేం కాదు. వత్సనాభి అనే విషపు దుంపని ఆవు పంచితంలోనో పాలలోనో శుద్ధి చేయకుండా వాడరు కదా. అక్కడ దాని దాయాది ఫూజి. చెంగ్డూకి ఉత్తరాన జియాంగ్‌యూ అనే ఊరు దీనికి పుట్టిల్లు. మనకి గుంటూరు మిర్చి ఎలాగో అక్కడ జియాంగ్‌యూ ఫూజి అలాగ. ఉప్పు మడుల్లో మిగిలే చేదు ద్రావణంలో దుంపల్ని నానబెట్టి, ఉడికించి, ముక్కలు కోసి, కడిగి, ఆవిరి పట్టి ఎండబెడతారు. నానడంలో, ఉడకడంలో అకోనిటిన్ అనే విషం విరిగి, వందల రెట్లు తక్కువ విషమున్న పదార్థంగా మారుతుంది. తయారైన ఫూజిలో అకోనిటిన్ జాతి ఆల్కలాయిడ్లు మొత్తం కలిపి 0.020 శాతం దాటకూడదని ఫార్మకోపియా అంటుంది. ముష్టి గింజల్ని మనం నేతిలోనో పాలలోనో శుద్ధి చేస్తే వాళ్లు వేడి ఇసుకలో పొంగేదాకా వేయిస్తారు. దారి వేరు, బుద్ధి ఒకటే.

శుద్ధి విషం తీయడానికే కాదు, మందు గుణం మార్చడానికి కూడా. హషోవూ అనే దుంప పచ్చిదైతే విరేచనకారి. నల్ల సోయా గింజల రసంతో ఉడికిస్తే జుట్టుకి, ఒంటికి బలమని ఇస్తారు. డాక్టరు చీటీ మీద ఒట్టి హషోవూ అని రాస్తే ఏది ఇవ్వాలి? చైనాలో ఒక్కో ప్రాంతానికి దీనికో కట్టుబాటు ఉంది, అది ఫార్మసిస్టుకి కంఠతా రావాలి. ఒక రాష్ట్రంలో చదివి ఇంకో రాష్ట్రంలో ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు మొదటి నెలల్లో బోల్తా కొట్టేది ఇక్కడే.

ఇక కౌంటరు. గోడ నిండా సొరుగులుండే పెద్ద బీరువాని వంద పిల్లల బీరువా అంటారు. ఏ సొరుగు పక్కన ఏది ఉండాలో కూడా లెక్క ఉంది. చూడటానికి ఒకేలా ఉన్నవీ, కలిస్తే ప్రమాదమైనవీ పక్కపక్కన పెట్టరు, విషపు సరుకైతే ఆ బీరువాలోకే రాదు, తాళం వేసిన అల్మరాలో ఉంటుంది. తూకానికి దెంగ్‌జి అనే చేతి త్రాసు వాడతారు. ఒకే పళ్లెం, గీతలున్న సన్నటి కర్ర, దాని మీద జరిగే చిన్న గుండు. ఏడు రోజుల మందైతే ఏడింతలు ఒకేసారి తూచి, ఏడు కాగితాల మీదికి మళ్లీ తూస్తూ పంచాలి. చేత్తో ఉజ్జాయింపుగా పంచితే దొరికిపోతారు, ఎందుకంటే 2007 నాటి ఆసుపత్రి నిబంధన ప్రకారం ఒక్కో పొట్లం బరువు ఐదు శాతం కన్నా అటూ ఇటూ పోకూడదు. పైగా కట్టిన ప్రతి చీటీనీ రెండో మనిషి చూడాలి. వందకి వంద. అందుకే మూలికల్ని కాగితం మీద కలిపేయకుండా విడివిడి కుప్పలుగా పోస్తారు, చూసేవాళ్లకి ఒక్కొక్కటీ కనబడాలి కదా.

నా తప్పు ఒకటి చెబుతాను. చచెన్‌జి అనే గింజలు మన ఇసబ్‌గోల్‌కి దగ్గరి చుట్టం. చీటీలో దాని పక్కన చిన్న అక్షరాలతో బావ్‌జియెన్ అని ఉంది, అంటే గుడ్డసంచిలో కట్టి కాచాలని. రద్దీలో నేను దాన్ని మిగతావాటితో పాటు విడిగా పోసేశాను. తనిఖీలో ఉన్న మేడమ్ కుప్పలకేసి ఒక్కసారి చూసి, గింజల మీద వేలు పెట్టి, "ఈ రోగికి కషాయం ఇస్తున్నావా, జావ ఇస్తున్నావా?" అంది. నిజమే, సబ్జా గింజల్లా ఉబ్బి, గిన్నె అడుగంటి, మిగతా మందులోని సారం నీళ్లలోకి దిగకుండా పోతుంది. ఏడు పొట్లాలూ విప్పి మళ్లీ కట్టాను. అప్పటికి క్యూలో పన్నెండు మంది, నా చెవులు ఎర్రబడిపోయాయి.

ఈ చిన్న అక్షరాల్లోనే సగం వైద్యం ఉంది. ఫూజి, ఆలుచిప్పలు, గులకరాళ్ల లాంటి ఖనిజాలు ముందు వేసి కాచాలి. పుదీనా, ఏలకుల జాతి గింజలు దించే ఐదు పది నిమిషాల ముందు వేయాలి, లేకపోతే వాసనంతా వంటింట్లోనే ఉండిపోతుంది. జిన్‌సెంగ్ ఖరీదైనది కాబట్టి వేరే గిన్నెలో. గాడిద తోలుతో చేసే బంక ముద్దని కాచకూడదు, వేడి కషాయంలో కరిగించాలి. ఆసుపత్రే కాచి ఇచ్చేట్టయితే 2009 నిబంధన ఉంది: కనీసం అరగంట నానబెట్టాలి, రెండుసార్లు కాచాలి, పెద్దవాళ్లకి ఒక పొట్లానికి 400 నుంచి 600 మిల్లీలీటర్లు రావాలి, రెండు సమభాగాలు చేయాలి. ఇంట్లో కాచుకునేవాళ్లకి ఇవన్నీ నోటితో చెప్పి పంపాల్సింది ఫార్మసిస్టే. ముసలావిడ తల ఊపిందంటే అర్థమైనట్టు కాదు, తిరిగి చెప్పించుకోవాలి. అల్లోపతి మాత్ర ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తుంది. ఇక్కడ మందు తయారీలో ఆఖరి అంకం రోగి ఇంటి పొయ్యి మీద జరుగుతుంది. ఏ ఫార్మకోపియా పరీక్షా అక్కడిదాకా రాదు.

కాదనే హక్కు గురించి అడిగారు. హక్కు కాదు, బాధ్యత. పొంతన కుదరని మందులున్నా, మోతాదు మించినా ఇవ్వడానికి నిరాకరించాలని, అవసరమైతే డాక్టరు సరిదిద్దిగానీ మళ్లీ సంతకం పెట్టిగానీ ఇస్తేనే కట్టాలని చైనా మందుల చట్టంలోనే ఉంది. 2018లో వచ్చిన నిబంధన ఇంకో అడుగు వేసి, మందుచీటీ పరిశీలనకి మొదటి బాధ్యుడు ఫార్మసిస్టేనంది. పొంతన అంటే పాతకాలపు పద్దెనిమిది విరోధాల జాబితా. ఉదాహరణకి ఫూజి జాతికీ బన్‌షియా అనే దుంపకీ పడదు. అతిమధురానికీ ఒక రకం సముద్రపు నాచుకీ పడదు. ఇందులో అన్నిటికీ ఆధునిక రుజువులు లేవు, కొన్నిటి మీద ప్రయోగాలు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. అయినా చట్టం దృష్టిలో అవి నిషిద్ధమే.

చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రంలో ఇది రోజూ తలనొప్పి. అక్కడ ఫూజిని భారీ మోతాదుల్లో వాడే వైద్య పరంపర ఒకటి ఉంది. పుస్తకంలో 3 నుంచి 15 గ్రాములు. ఒక రోజు 45 గ్రాములతో చీటీ వచ్చింది, కింద బన్‌షియా కూడా ఉంది. మేడమ్ పక్కన పెట్టి డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నానని కోప్పడ్డాడు. ఆవిడ గొంతు పెంచలేదు, చీటీ వదల్లేదు. చివరికి ఆయన దిగివచ్చి రెండు చోట్లా సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆవిడ చేసిందే నాకు ముఖ్యం. రోగి కొడుకుని పిలిచి ఫూజిని విడిగా కట్టిన పొట్లం చూపించి, దీన్ని ముందు ఎంతసేపు మరిగించాలో, నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే ఎందుకు పోయాలో, నాలుక తిమ్మిరెక్కితే ఏం చేయాలో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకోమంది. సంతకంతో చట్టం తృప్తిపడుతుంది, అకోనిటిన్ పడదు.

నిజంగా విషపు సరుకైతే 1988 నుంచీ వేరే కట్టడి ఉంది. పాషాణం, పాదరసం, మణిశిల, పచ్చి ముష్టి గింజలు, పచ్చి నేపాళం లాంటివి మొత్తం 28. ఒక చీటీకి రెండు రోజుల గరిష్ఠ మోతాదు దాటకూడదు, చీటీని రెండేళ్లు దాచాలి. గసగసాల కాయ తొక్క మత్తుమందుల కింద లెక్క, విడిగా ఇవ్వరు. హాంకాంగ్‌ది వేరే చట్టం, 1999 నాటిది. అక్కడ 31 విషపు మూలికల జాబితా ఒకటి, మామూలువి 574 ఇంకొకటి.

అన్నిచోట్లా ఇంత నిష్ఠగా జరుగుతుందనుకోకండి. సర్టిఫికెట్ అద్దెకిచ్చి మనిషి కొట్లో లేకపోవడం మన మెడికల్ షాపుల జబ్బే కాదు, చైనాదీ. 2019లో ప్రభుత్వం దేశమంతటా దీని మీద దాడులు చేయాల్సి వచ్చింది. కొట్లో కాగితం గోడకి వేలాడుతుంటే చాలదు, కౌంటరు వెనక ఆ ఫొటోలోని మొహం ఉందో లేదో చూడాలి.

తయారు గుళికల సంగతి కొంచెం చెప్పాలి, మన చుట్టాలు ఎక్కువగా మోసుకొచ్చేవి ఇవే. షియావ్‌కె గుళికలని షుగరుకి ప్రసిద్ధి. మూలికల మందని మురిసిపోతారు. పది గుళికల్లో 2.5 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ అనే అల్లోపతి షుగరు మందు ఉంటుంది. ఇది కల్తీ కాదు, ఫార్ములాలో బాహాటంగా రాసి ఉన్నదే, కానీ చైనీస్ అక్షరాల్లో. ఇప్పటికే షుగరు మాత్ర వేసుకునే తాతగారు దీన్ని కూడా మింగితే తెల్లారేసరికి ఒళ్లు చల్లబడి చెమటలు పట్టొచ్చు. జలుబుకిచ్చే విటమిన్ సి యిన్‌చావ్ మాత్రల్లో పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు ఉంటాయి.

చదువు, ఉద్యోగం గురించి అడగలేదు గానీ చివరి ఏడాది అన్నారు కాబట్టి. చైనాలో లైసెన్స్ పరీక్షకి ఆధునిక ఫార్మసీ, చైనా ఫార్మసీ అని రెండు దారులు. ఆస్ట్రేలియాలో 2012 జులై 1 నుంచి చైనా మూలికలు కట్టి ఇచ్చేవాళ్లకి విడిగా రిజిస్ట్రేషన్ ఉంది. కొరియాలో వాళ్ల సంప్రదాయ మందులకి హన్‌యాక్సా అని వేరే ఫార్మసిస్టులే ఉన్నారు. మన చట్టంలో ఆయుర్వేద, సిద్ధ, యునానీలకి అధ్యాయం ఉంది గానీ వాటి అమ్మకానికి లైసెన్సే అక్కర్లేదు, కౌంటర్లో ఫార్మసిస్టు ఉండాలన్న నియమం అసలే లేదు. చైనా మందు ఆ అధ్యాయంలోనే లేదు. ఉద్యోగం కోసమైతే చైనా మందు కన్నా మూలికల గుర్తింపు నేర్చుకోమంటాను. మైక్రోస్కోపు ముందు కూర్చుని పొడిలోంచి మొక్కని పట్టుకోగలిగేవాళ్లకి ఇక్కడా పని ఉంది, మనుషులే దొరకడం లేదు.

ఇప్పుడు బాబాయిగారు. మోకాళ్ల నొప్పులకి ఎక్కువగా రాసే పాత యోగం దూహువో జిషెంగ్ కషాయం. ఆయన తాగేది అదే అని నేననడం లేదు, కానీ అయితే అందులో పదిహేను దినుసులుంటాయి. వాటిలో డాంగ్‌గుయ్ అనే వేరు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడొచ్చు. జిన్‌సెంగ్ దానికి ఎదురు, వార్ఫరిన్ పని తగ్గించొచ్చు. అతిమధురం రోజూ పడితే పొటాషియం తగ్గుతుంది, గుండె రోగికి అదో టెన్షన్. అందులోనే ఉండే షిషిన్ అనే మూలిక అరిస్టోలోకియా కుటుంబానిదే. 2005 నుంచి ఫార్మకోపియా దాని ఆకులూ కాడలూ తీసేసి వేరు మాత్రమే ఒప్పుకుంటోంది, అదీ 1 నుంచి 3 గ్రాములు. నొప్పి ఎక్కువని ఎవరైనా దన్‌షెన్ అనే వేరు కలిపితే వార్ఫరిన్‌తో దానిదీ పాత వైరమే. కొన్ని నొప్పుల చీటీల్లో ఫూజి దాయాదులు కూడా ఉంటాయి.

ఆయన్ని కొట్టుకి వెళ్లి, వార్ఫరిన్ డబ్బా కౌంటరు మీద పెట్టి, చీటీలోని ప్రతి దినుసు పేరూ చైనీస్ అక్షరాల్లోనూ లాటిన్‌లోనూ, గ్రాములతో రాసివ్వమని అడగమనండి. పక్కన శుద్ధి చేసిందో పచ్చిదో కూడా. డబ్బా చూసి కూడా అక్కడివాళ్లు ఒక్క ప్రశ్న వేయకపోతే ఆ కొట్టు మార్చమనండి. గుళికలు కూడా కొంటే డబ్బా మీద మలేషియా రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి, ఎంఏఎల్‌తో మొదలై అంకెల చివర టి అనే అక్షరం ఉంటుంది. వార్ఫరిన్ మోతాదు మాత్రం సొంతంగా పెంచడం, తగ్గించడం వద్దు. ఐఎన్ఆర్ వచ్చేదాకా కషాయం ఆపి, అదే మాట గుండె డాక్టరుకి చెప్పడం మంచిది.

ఆ కాగితం దొరక్కపోతే ఒక పొట్లం తెల్ల కాగితం మీద విప్పి, ముక్కల్ని రకాలవారీగా విడదీసి, పక్కన ఒక నాణెం పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ముక్క అడ్డకోత కనబడాలి. కొన్నిటిని ఫొటోలోనే పట్టుకోవచ్చు. షిషిన్ అయితే వాసన చూడనిదే తేల్చను.